పైపు సైజు పెంచితే కాలనీ మునగడం ఆగుతుందా? ముందు దాని కింది చివర చూడండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్ తూర్పు వైపు, రెండు చెరువుల మధ్య కాలనీ. గట్టి వాన పడ్డ ప్రతిసారీ మోకాలి లోతు నీళ్లు. ఇప్పుడు మున్సిపల్ వాళ్లు పాత 600 మి.మీ. పైపు తీసేసి 900 మి.మీ. పైపు వేస్తామంటున్నారు, కాలనీ అసోసియేషన్ సంతకాలు అడుగుతున్నారు. దీంతో మా బాధ తీరుతుందా, అసలు ఊరు మొత్తానికి ఏం చేస్తే ముంపు తగ్గుతుంది, టోక్యో వాళ్లలా వరద సొరంగం కట్టాలా అని అడిగారు. వరద కాలువల డిజైన్‌లోనూ, సైటులోనూ చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపికగా చదవండి.

సంతకం పెట్టండి, కానీ పెట్టే ముందు ఒక్కటి అడగండి. కొత్త పైపు చివర ఎక్కడ కలుస్తుంది, కలిసే చోట వాన రోజున ఖాళీ ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వేసిన ప్రతి పైపూ నీళ్లను మీ గల్లీ నుంచి కింది బస్తీకి ఇంకాస్త తొందరగా చేర్చడానికే పనికొస్తుంది. అక్కడ దారి లేకపోతే ఆ నీళ్లే మ్యాన్‌హోల్ మూతలు లేపుకుని తిరిగి మీ గల్లీలోకే వస్తాయి. కల్యాణమండపానికి నాలుగు తలుపులు పెట్టి, బయటి రోడ్డుకు వెళ్లే సందు మాత్రం ఒక మనిషి పట్టేంత వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాలువల పని కింది నుంచి పైకి జరగాలి. ముందు నది దగ్గరో చెరువు దగ్గరో చివరి మెట్టు సరిచేసి, తర్వాత పెద్ద నాలా, ఆ తర్వాతే కాలనీ పైపు. మన దగ్గర చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే కాలనీ పైపు చిన్న పని, టెండరు తొందరగా అవుతుంది, జనానికి కళ్ల ముందు కనిపిస్తుంది. చివరి మెట్టుకేమో భూసేకరణ కావాలి, కోర్టు కేసులు తేలాలి, రెండు మూడు శాఖలు ఒక చోట కూర్చోవాలి.

లెక్క మీరే వేసుకోవచ్చు, పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒక ఎకరం మీద గంటకు ఒక అంగుళం వాన పడి, చుక్క కూడా ఇంకకుండా పారితే దాదాపు ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు) వస్తుంది. మీ కాలనీకీ, పైనుంచి మీ వైపు వాలే స్థలానికీ కలిపి వంద ఎకరాలు అనుకుందాం. గంటకు రెండు అంగుళాలు, అంటే 5 సెం.మీ. వాన. ఇది మన ఊళ్లో అరుదేమీ కాదు, క్యుములోనింబస్ మబ్బు పట్టిన సాయంత్రం అరగంట సేపు ఇంతకంటే జోరుగా కూడా కొడుతుంది. ఇళ్లు, సీసీ రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లు నిండిన చోట నూటికి 80 వంతులు పారిపోతాయి. అంటే 160 క్యూసెక్కులు. అదే స్థలం తోటలు, ఖాళీ ప్లాట్లుగా ఉన్న రోజుల్లో పారేది అందులో సగం ఉండేదేమో. ఇప్పుడు పైపు సంగతి: 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఉంటే 600 మి.మీ. పైపు నిండుగా పారినా 15 క్యూసెక్కులే మోస్తుంది. 900 మి.మీ. పైపు 45 క్యూసెక్కులు మోస్తుంది. సైజు ఒకటిన్నర రెట్లు పెరిగితే మోసే శక్తి దాదాపు మూడు రెట్లవుతుంది, కాబట్టి మీకు చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ 160 ఎక్కడ, 45 ఎక్కడ? మిగతా 115 క్యూసెక్కులు రోడ్డు మీదే పారతాయి. పైపు అక్కర్లేదని నేను అనడం లేదు, చిన్నా చితకా వానలకు అది బాగా పనిచేస్తుంది. మిమ్మల్ని ముంచే వానకు మాత్రం అది చాలదు, ఆ సంగతి తెలిసి సంతకం పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పైపు సైజు లెక్కలన్నీ కింది చివర నీళ్లు స్వేచ్ఛగా పడతాయనే అనుకుని వేస్తారు. మీ పైపు చెరువులో కలుస్తుందనుకోండి, చెరువు నిండి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండే మట్టం) దగ్గర ఉంది, పైపు అడుగు మట్టం దానికంటే కిందుంది. అప్పుడు పైపు ఎంత పెద్దదైనా నీళ్లు సరిగా కదలవు, మీ గల్లీ చెరువు నీటిమట్టం కంటే కిందుంటే చెరువు నీళ్లే వెనక్కి ఎగదన్నుతాయి. నదికీ ఇదే వర్తిస్తుంది. 2025 సెప్టెంబరులో ఊరికి ఎగువన ఉన్న జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తినప్పుడు మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి కదా, అలాంటి రాత్రి మూసీలో కలిసే నాలాలకు ఎటు పోవడానికి దారి ఉంటుంది? అందుకే డిజైన్ చేసేటప్పుడు కింద నీటిమట్టం ఎంత ఎత్తులో ఉంటుందో ముందు పట్టుకోవాలి. పైపు నోటికి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఫ్లాప్ గేటు పెట్టాలి. గేటు మూసుకున్నంతసేపు లోపలి నీళ్లు ఎక్కడ ఆగాలో కూడా చూపించాలి. ఎస్టిమేటులో ఈ మూడింట్లో ఏదీ లేకపోతే, అది పైపు కొనడానికి వేసిన ఎస్టిమేటు అని అర్థం.

ఇక చెరువుల దగ్గరికొద్దాం, నా దృష్టిలో హైదరాబాద్ సమస్యకు అసలు తాళంచెవి అక్కడే ఉంది. ఈ ఊరు ముంబయిలా సముద్రమట్టంలో లేదు, విజయవాడలా చదునుగానూ లేదు. ఇక్కడ వాలు దండిగా ఉంది, రాతినేల. నీళ్లు నిలబడే నేల కాదు, ఉరికే నేల. అందుకే పాతవాళ్లు ఉరికే నీటిని మెట్టు మెట్టుకూ ఆపుతూ గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దూకితే కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి, చివరికి మూసీకి. మనం శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే చోట, ప్లాట్లు వేశాం, చెరువుకూ చెరువుకూ మధ్య కాలువను మరిచిపోయాం. చెరువు మిగిలిన చోట కూడా గొలుసు తెగింది. 2020 అక్టోబరు 13 రాత్రి ఏం జరిగిందో చూడండి. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెం.మీ. పైగా పడింది, ఘట్‌కేసర్ వైపు 32 సెం.మీ. దాటింది. పల్లె చెరువు, అప్ప చెరువు, తర్వాత నాలుగైదు రోజులకే గుర్రం చెరువు కట్టలు తెగాయి. హఫీజ్ బాబానగర్ లాంటి చోట్ల ఇళ్లలోకి వచ్చింది వాననీరు మాత్రమే కాదు, చెరువులే వచ్చాయి. కట్ట బలహీనంగా ఉండి, మత్తడి చాలక, మత్తడి దిగువన కాలువ కబ్జాలో ఉంటే చెరువు మనల్ని కాపాడేది పోయి మన మీదే పడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల మందిని మింగాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపిస్తే, ఆయన ఊరి మధ్య గోడలు ఎత్తు చేయడంతో సరిపెట్టలేదు, వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. పెద్ద నదికి ఆయన చెప్పిందే ఇవాళ ప్రతి చిన్న నాలాకూ చేయాలి: ముందు పైన ఆపు, తర్వాత కింద వదులు.

ఎంత ఆపగలమో కూడా లెక్క చూడండి. మీ వంద ఎకరాల మీద గంట వానకు పారే నీరు సుమారు 1.6 కోట్ల లీటర్లు. పది ఎకరాల చెరువును వానాకాలం ముందు తూము తెరిచి ఒక్క మీటరు దించి ఉంచితే అందులో 4 కోట్ల లీటర్లకు చోటు దొరుకుతుంది. అంటే అంత వాన రెండు గంటలు పడినా ఆ చెరువు మింగేస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక తూము రిపేరు, ఒక షట్టరు, దాన్ని తిప్పే మనిషి జీతం. ఇప్పుడు రోడ్ల కింద కడుతున్న నీటి నిల్వ ట్యాంకుల సంగతి చూద్దాం. పది లక్షల లీటర్ల ట్యాంకు అంటే వినడానికి పెద్దగా ఉంటుంది, 160 క్యూసెక్కుల ధారకు అది నాలుగు నిమిషాల లోపే నిండిపోతుంది. ఒక్క జంక్షన్‌లో నీళ్లు నిలిచి ట్రాఫిక్ ఆగిపోయే చోట ఆ ట్యాంకు ఉపయోగమే, నేను కాదనను. కాలనీ ముంపుకు మాత్రం అది మందు కాదు. వానాకాలంలో చెరువు ఎప్పుడూ నిండుగా కళకళలాడాలని కోరుకునే కాలనీ వాళ్లూ ఇక్కడ ఒకసారి ఆలోచించాలి. జూన్‌లోనే ఎఫ్‌టీఎల్ దాకా నిండి ఉన్న చెరువు వరదను ఒక్క లీటరు కూడా ఆపలేదు. వచ్చిందంతా మత్తడి మీద నుంచి కిందికే.

2020 తర్వాత మొదలైన నాలాల అభివృద్ధి కార్యక్రమం, అదే ఎస్ఎన్‌డీపీ, మొదటి విడత సుమారు 985 కోట్లు. అందులో నాకు నచ్చిన పనులు ఏవంటే గొలుసును చివరి దాకా కలిపినవి. బండ్లగూడ చెరువు నుంచి నాగోలు చెరువుకు, అక్కడి నుంచి మూసీకి బాక్స్ డ్రెయిన్ (పెట్టె ఆకారపు కాంక్రీటు కాలువ) వేయడం అలాంటిదే. ఒక చోట మొదలెట్టి నది దాకా తీసుకెళ్లారు, మధ్యలో వదిలేయలేదు. హుస్సేన్‌సాగర్ సర్‌ప్లస్ నాలాకు కట్టిన రిటైనింగ్ గోడలు కూడా అవసరమైన పనే, అశోక్‌నగర్, దోమలగూడ వైపు జనానికి ఆ నాలా ఎంత భయమో అక్కడివాళ్లకే తెలుసు. నచ్చనిది ఏమిటంటే ముక్కలుగా చేసిన పనులు. నాలా రెండొందల మీటర్లు వెడల్పు చేసి, మధ్యలో నాలుగు ఇళ్లు అడ్డం వచ్చాయని అక్కడ ఇరుకు అలాగే ఉంచి, మళ్లీ అవతల వెడల్పు చేస్తే, ఆ నాలా మోసేది ఆ ఇరుకు మోసేంతే. పైగా వెడల్పు చేసిన చోటి నుంచి నీళ్లు ఇంకా జోరుగా వచ్చి ఆ ఇరుకు దగ్గరే గుమిగూడతాయి కాబట్టి, ఆ నాలుగు ఇళ్ల పక్కన ఉన్నవాళ్లకు ముందుకంటే ఎక్కువ ముప్పు.

"ఇంత డబ్బు పెట్టినా మళ్లీ ఎందుకు మునిగాం" అని చాలామంది అడుగుతారు. ఏ కాలువా ఎంత వానకైనా సరిపోయేలా కట్టరు. పాత జాతీయ మాన్యువల్ ప్రకారం శివారు కాలనీల కాలువలు ఏడాదికి రెండుసార్లు పొంగినా ఫరవాలేదు, నడిబొడ్డున ఏడాదికోసారి. వ్యాపార ప్రాంతాల్లో రెండేళ్లకోసారి. 2019లో కేంద్రం తెచ్చిన కొత్త వరద కాలువల మాన్యువల్‌లో పెద్ద నగరాల ముఖ్య ప్రాంతాలకు ఐదేళ్లకోసారి వచ్చే వానను లెక్కలోకి తీసుకోమన్నారు. అంటే కొత్త ప్రమాణంతో కట్టినా, పదేళ్లకోసారి వచ్చే వానకు కాలువ పొంగుతుంది. ఆ పొంగే నీరు ఎటు పోవాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. కోపెన్‌హేగెన్‌లో 2011 జులై 2న రెండు మూడు గంటల్లో 15 సెం.మీ. దాకా కుండపోత కురిసి ఊరు మునిగాక వాళ్లు చేసింది ఇదే. అన్నిటికీ పైపులే వేయాలంటే ఖర్చుకు అంతుండదని గ్రహించి, కొన్ని వీధులను నీళ్లు పారే దారులుగా, పార్కులను కాసేపు నీళ్లు ఆగే గుంటలుగా మలచారు. మన దగ్గర కూడా కాలనీ పార్కును రోడ్డుకంటే రెండడుగులు కిందికి దింపి కడితే ఎంతో మేలు. కానీ మనం మట్టి పోసి ఎత్తు చేసి, చుట్టూ గోడ కట్టి మరీ పార్కు చేస్తాం.

టోక్యో సొరంగం గురించి కూడా అడిగారు కదా. నేలకు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం, సెకనుకు 200 ఘనపు మీటర్లు తోడే పంపులు, 2006లో పూర్తయింది, అద్భుతమైన పనే. అయితే అది చుట్టూ నదులు పొంగే పల్లపు ప్రాంతం కోసం కట్టింది. ముంబయి కూడా 2005 జులై 26న ఒక్క రోజులో 944 మి.మీ. పడ్డాక కాలువల ప్రమాణాన్ని గంటకు 25 నుంచి 50 మి.మీ.కు పెంచుకుంటూ పెద్ద పెద్ద పంపింగ్ స్టేషన్లు కట్టింది, ఎందుకంటే సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్లు వాటంతటవి దిగవు. మనకు దేవుడిచ్చిన వాలు ఉంది. పంపులకూ సొరంగాలకూ పరిగెత్తే ముందు ఉన్న వాలును అడ్డగించకుండా ఉంటే చాలు. విజయవాడ వాళ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ వారం రోజులకు పైగా నీళ్లలో ఉందంటే, అక్కడ గట్లు, డైవర్షన్ కాలువ సామర్థ్యం, కొల్లేరు దాకా దారి ఇవన్నీ చూడాలి, కాలనీ డ్రెయిన్లతో అయ్యే పని కాదు.

ఇప్పుడు పూడిక. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకటిన్నర మీటరు వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు ఉన్న బాక్స్ డ్రెయిన్, 300 మీటర్లకు ఒక మీటరు వాలు ఉంటే 190 క్యూసెక్కుల దాకా మోస్తుంది, మీ 160కి సరిపోతుంది. అడుగున ఒక్క అడుగు పూడిక చేరనివ్వండి, 145కి పడిపోతుంది. కోట్లు పెట్టి కట్టిన కాలువ ఒక్క అడుగు మట్టికి ఫెయిల్ అయినట్టే. దానికి తోడు మంచినీటి పైపు అడ్డంగా పోతుంది, కేబుళ్లు వేలాడుతుంటాయి, వాటికి చెత్తా, పరుపులూ, కొబ్బరి బోండాలూ తట్టుకుంటాయి. నేను చూసిన ముంపుల్లో చాలావాటికి కారణం కాలువ సైజు కాదు, కల్వర్టు కింద అడ్డంగా పోయిన ఒక పైపు. ఎవరు వేశారో ఏ ఫైలులోనూ ఉండదు.

నాలాల మీద స్లాబు వేసి మూసేయమని కాలనీల నుంచి గట్టి డిమాండ్ వస్తుంది, వాసన, దోమలు, పిల్లల భద్రత. నేరేడ్‌మెట్‌లో తెరిచి ఉన్న నాలాలో చిన్నారి కొట్టుకుపోయాక ఆ డిమాండ్‌ను తప్పు పట్టే మనసు నాకు లేదు. కానీ నున్నగా మూసేస్తే లోపల పూడిక తీయడం ఎవరి తరమూ కాదు. మనుషుల్ని దించడం ప్రాణాంతకం. యంత్రం దిగే చోటు ప్రతి ముప్పై నలభై మీటర్లకు ఒకటి ఉండాలి, తీసి పెట్టే స్లాబులుండాలి. అవి లేని డిజైన్‌కు ఒప్పుకోకండి. తెరిచి ఉంచే చోట చైన్‌లింక్ కంచె, ఎత్తైన గోడ తప్పనిసరి.

మురుగు కలవడం ఇంకో గొడవ. మురుగు లైను జలమండలిది, వాన కాలువ కార్పొరేషన్‌ది. కానీ ఇంటి డాబా మీది వాననీటి పైపును చాలామంది మురుగు మ్యాన్‌హోల్‌లోకే కలిపేస్తారు. మురుగు లైను చిన్నది, వాన పడగానే నిండి కిందింటి బాత్‌రూంలో నుంచి పైకి తన్నుతుంది. మీ కాలనీలో మునిగే ఇళ్లల్లో ఎన్నింట్లోకి నీళ్లు వీధి నుంచి వస్తున్నాయి, ఎన్నింట్లోకి టాయిలెట్ నుంచి వస్తున్నాయి, ఒకసారి కనుక్కోండి. రెండోదే ఎక్కువైతే 900 పైపు వేసినా ఏం లాభం లేదు. డాబా పైపులు విడదీసి ఇంకుడు గుంతకో వాన కాలువకో కలపాలి, ఆ ఇళ్లకు నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు పెట్టాలి. అలాగే రోడ్డు. పాత రోడ్డు గీకకుండా పొర మీద పొర వేసి వేసి, ఇంటి గడపకంటే రోడ్డు ఎత్తయిన వీధులు ఎన్నో. కొత్త రోడ్డు వేయడానికి వచ్చిన రోజే అడ్డుపడండి, పాతది గీకి పాత మట్టానికే వేయమనండి. పైపు ఖాళీగా ఉన్నా రోడ్డు మీద నీళ్లు నిలిచాయంటే తప్పు రోడ్డు నీళ్లు పైపులోకి దిగే జాలీలదే అని గుర్తుపెట్టుకోండి. అవి చాలినన్ని లేవో, తారు పోసి మూసేశారో చూడాలి.

కబ్జాల గురించి మెల్లగా మాట్లాడాలి, ఎందుకంటే నాలా గట్టు మీద ఉండేవాళ్లలో ఎక్కువమంది వేరే చోటు దొరక్క వచ్చినవాళ్లు, మునిగితే ముందు పోయేవి వాళ్ల ప్రాణాలే. రూల్స్ స్పష్టంగానే ఉన్నాయి: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లకంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. ఆ రూల్స్ ఉండగానే లేఅవుట్లకు అనుమతులు వచ్చాయి, రిజిస్ట్రేషన్లు అయ్యాయి, బ్యాంకులు లోన్లిచ్చాయి. 2024లో చెరువులు, నాలాల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూల్చివేతలు వార్తలయ్యాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాలా ఇరుకు విప్పాల్సిందే, తప్పదు. కానీ పేదవాళ్లకు ముందు ఇల్లు చూపించి, పిల్లల బడికి, పనికి దగ్గర్లో చూపించి, ఆ తర్వాతే గోడ పడగొట్టాలి. ఆ ఖర్చు కూడా ప్రాజెక్టు ఎస్టిమేటులో మొదటి రోజు నుంచే ఉండాలి. కాంక్రీటుకు డబ్బు పెట్టి మనుషులకు పెట్టకపోవడం వల్లే సగం పనులు కోర్టుల్లో ఆగిపోతున్నాయి.

మీరు చేయాల్సింది ఇప్పుడు. సంతకంతో పాటు ఒక దరఖాస్తు ఇవ్వండి, అవసరమైతే సమాచార హక్కు కింద అడగండి: పైపు లాంగిట్యూడినల్ సెక్షన్ డ్రాయింగు (పైపు పొడవునా మట్టాలు చూపేది), ఎన్ని ఎకరాల నీరు, గంటకు ఎన్ని మి.మీ. వాన లెక్కన డిజైన్ చేశారు, కింద కలిసే నాలా ఇప్పుడు ఎంత మోస్తోంది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాతావరణ కేంద్రాల్లో మీ దగ్గరి దాని గంటవారీ వాన లెక్కలు తీసి పెట్టుకోండి. మునిగిన రోజు ఫొటోలకు టైమ్ కనబడేలా, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో గోడ మీద గీత గీసి ఉంచండి. ఇంజనీరు దగ్గర ఆ గీతలకున్న విలువ వంద ఫిర్యాదులకు ఉండదు. ఈలోగా సెల్లార్‌లో కరెంటు ప్యానెల్, లిఫ్టు మోటారు ఉంటే వాటిని ముందు పైకి మార్పించండి, కాలువ పూర్తయ్యే దాకా ఆగొద్దు.

డ్రాయింగు చేతికొచ్చాక అందులో రెండు అంకెలు చూసి ఇక్కడ రాయండి. పైపు చివర అడుగు మట్టం ఒకటి, అది కలిసే చెరువు ఎఫ్‌టీఎల్ ఒకటి. రెండూ సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటాయి. ఎఫ్‌టీఎల్ ఎక్కువుంటే పని మొదలుపెట్టనివ్వకండి, ముందు చెరువు తూము, మత్తడి దిగువ కాలువ సంగతి తేల్చమని అడగండి. లెటర్ ఎలా రాయాలో కావాలంటే నేను రాసి పెడతాను.